ఒక్క మేకపోతు, రెండు మొక్కులు

అన్నా,

నీ ఫోను కలవక ఈ ఉత్తరం కోట్‌పల్లి బస్సులో పంపుతున్నాను.

మా బిడ్డ జ్యోతిరాణి కాన్పు సుఖంగా అయితే, నువ్విచ్చిన మేకపోతును పోచమ్మకిస్తానని మొక్కుకున్నాను కదా. మీ బావ తాండూరులో బండల పాలిష్ పని నుంచి రాగానే ఫోనులో ఇంగ్లండు ఫుట్‌బాల్ చూస్తాడు. ఆయన జట్టు హాల్బీ టౌన్ ఈ ఏడంతా ఓడీ ఓడీ రెండో డివిజను నుంచి పడిపోబోయింది. నిలబడితే అదే మేకపోతును ఇస్తానని, నాకు మాట మాత్రమైనా చెప్పకుండా మొక్కాడట. నిన్న ఆఖరి ఆట గెలిచి నిలబడింది!

ఇవాళ బిడ్డకు నొప్పులొస్తే వికారాబాద్ ఆసుపత్రిలో చేర్చాం. ఆయన వరండాలో తల పట్టుకుని, "గా జట్టు పడిపోయినా మంచిగుండునే" అంటున్నాడు.

నీ మందలో ఇంకో పోతుకు ఇప్పుడే పసుపు పూసి ఉంచు. ఇది జట్టుది కాదు, మా బిడ్డదని పోచమ్మకు వినబడేలా చెప్పు.

నీ చెల్లె