కిటికీ గుడ్డు

జూన్ 3
ల్యాబ్‌కి గుడ్లు వచ్చాయి. రెండు పగిలాయి. మిగతావి ఇంక్యుబేటర్‌లో పెట్టాను. వేడి సరిగానే ఉంది.
ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి తన పాప కుడిచేతికి మళ్ళీ సాక్సు తొడిగింది. ఆరో వేలు ఎవరి కంటా పడకూడదట. కడుపుతో ఉండి బరువులు మోసిందని, అందుకే ఇలా అయిందని వాళ్ళత్త అందట. అమ్మాయి నమ్మేసింది.

జూన్ 6
ల్యాబ్ మేడమ్ సిరంజితో ఒక గుడ్డులోంచి కాస్త తెల్లసొన లాగేసి, పెంకుకి కత్తెరతో కిటికీ కోసింది. మైక్రోస్కోప్‌లో చూడమంది. చూశాను. లోపల పిండం గుండె కొట్టుకుంటోంది. ఆవగింజంత కూడా లేదు. రెక్క రావాల్సిన చోట చిన్న మొగ్గ. వేళ్ళింకా లేవు. ఇన్నేళ్ళుగా గుడ్లు మోస్తున్నాను, లోపలికి చూడటం ఇదే మొదలు.
ఇంకో పిండం మొగ్గకి వెనక అంచు నుంచి నలుసంత ముక్క తీసి, దీని మొగ్గకి ముందు అంచున అతికించింది. కిటికీకి టేపు వేసింది. ఇంకొన్ని గుడ్లకీ ఇలాగే చేసింది. అది వేలు కాదట. ఏ వేలు ఎక్కడ రావాలో పక్కవాటికి చెప్పే ముక్కట.

జూన్ 7
మామూలు గుడ్లని రోజూ తిప్పాలి. కిటికీ గుడ్లని తిప్పకూడదు. నా చేతులు వినవు. మేడమ్ కిటికీ గుడ్ల ట్రేకి గుర్తుగా ఎర్రదారం కట్టింది. మీ చేతులే కట్టేద్దామనుకున్నా బాబాయ్, జాలేసింది అంది.

జూన్ 10
ఎర్రదారం ట్రేలో ఒక్కటే బతికుంది. ఊపిరి గట్టిగా వదలాలన్నా భయంగా ఉంది.

జూన్ 15
మొన్న మేడమ్ గుడ్డులోంచి తీసి రంగులో వేసిన పిండానికి రంగు పట్టింది. రెక్క గాజులా ఉంది, లోపల వేళ్ళు నీలంగా. మూడుండాలి. ఆరున్నాయి. అద్దంలో చూసుకుంటున్నట్టు అటు మూడు, ఇటు మూడు. చాలాసేపు కళ్ళు తీయలేకపోయాను.
తల్లికోడి ఏమైనా బరువులు మోసిందా అని అడిగాను. మేడమ్ నవ్వింది. కోడి ఏం మోస్తుంది బాబాయ్ అంది. నేను నవ్వకపోయేసరికి ఆగింది. అప్పుడు పాప సంగతి చెప్పాను. ఇక్కడ ఎవరితోనూ అనలేదు ఇంతవరకు.
పాపకి అచ్చం ఇలాగే జరిగిందని చెప్పలేనంది. బరువులకీ వేళ్ళకీ మాత్రం ఏ సంబంధమూ లేదంది. రేపు అమ్మాయిని తీసుకురమ్మంది.

జూన్ 16
అమ్మాయి చూసింది. మేడమ్ చెప్పిందంతా విన్నది. బస్సులో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

జూన్ 17
సాక్సు తీగ మీద ఆరుతోంది.
పాప నా వేలు పట్టుకుంది. ఆరింటితోనూ.