లాభంతో మొదలైన మంద లెక్క

అమ్మా, నేను బాగున్నాను, దిగులుపడొద్దు. నాటకంలో గొర్రెల కాపరి వేషం నాకే ఇచ్చారు. అంగట్లో పెరిగినవాణ్ణి, ఆ మాటలు నాకేం తెలుసు? అందుకే కంబదూరు వెళ్లి చెన్నప్ప అనే కాపరి వెంట తిరిగాను. గొర్రెల్ని జీవాలనీ, దొడ్డిని రొప్పమనీ అనడం నోటికి పట్టింది. మందను లెక్కపెట్టమంటే మాత్రం, నాయన గింజలు కొలిచేటప్పుడు ఒకటికి బదులు అన్నట్టే ‘లాభం, రెండు, మూడు’ అన్నాను. చెన్నప్ప పడీపడీ నవ్వినాడు. ‘ఏమప్పా, రొప్పంలోకి వచ్చినా అంగడి వదల్లేదే!’ అన్నాడు. ఇప్పుడు ఒకటితోనే మొదలుపెడుతున్నాను, భయం లేదు.

అటక మీది నల్ల కంబళి పంపు. చెల్లి చాందినికి జ్వరం తగ్గిందా? దానికి నా ఆశీస్సులు.

శివరాత్రి మరునాడు నాటకం. వేషాలు కూడు పెడతాయా అని కోప్పడిన నాయనను నువ్వే పిలుచుకుని రా. నా వేషమేదో చెప్పొద్దు. కాపరి ఎదురుగా నిలబడి ఉండగా, ఆయన నీ చెవిలో ‘మనోడు యాడుండాడే?’ అని అడిగితే నేను గెలిచినట్టే.

నీ ముఖేష్