ఐసు కింది రొయ్యలు

నార్కట్‌పల్లి,
మే 1964.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారూ,

మా పక్కింటి జానమ్మను దవాఖాన పాలు చేసింది మీరే. లారీ దారిలో చెడిపోయి, రొయ్యల పెట్టెల్లో ఐసంతా కరిగితే లారీవాళ్లు కొత్త ఐసు పోశారు. మీరు పైపైన తట్టి, "ఐసు గట్టిగానే ఉంది, అమ్ముకోండి" అన్నారు.

"వండేటప్పుడు కంపు రాలేదా వదినా?" అని జానమ్మనడిగాను.

"రొయ్యలన్నంక కంపు రాదా? ఎండువి ఎప్పుడు గట్లనే గొడ్తయి గద!" అంది.

ఈ మెట్ట ఊళ్లకు ఎండు రొయ్యలే తెలుసు. పచ్చివి కంపు కొడితే తినకూడదని చెప్పవలసిన మీరే, "తెలివిలేక తిన్నది" అని రిపోర్టులో రాస్తారా?

మిగిలిన పెట్టెలు రేపటి అంగడికి రాకముందే పూడ్పించండి.
కొన్నవాళ్లు వండకుండా ఊళ్లో చాటింపు వేయించండి.
ఇకమీదట ఐసు తీసి రొయ్యను చూడండి.
జానమ్మ మీద రాసిన ఆ మాట కొట్టేయండి.