తొమ్మిది బారలు, ఒక జానెడు

4 జనవరి 2004, ఆదివారం

కాశీబుగ్గలో నెట్ సెంటర్ నడిపే ఎల్లాజీ ఫోన్ చేశాడు. నా భార్య విజయ నోటుబుక్ ఒకటి అక్కడే ఉండిపోయిందట. వచ్చి తీసుకెళ్ళమన్నాడు.

విజయ పోయి అయిదు నెలలైంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు.

ఆదివారం పదిన్నరకి స్కూల్ బ్యాగే భుజాన వేసుకుని, డైనోసార్ల దగ్గరికి వెళ్తున్నానండీ అనేది. నేను పేపర్ వెనక నుంచి తలూపేవాణ్ణి. మూడేళ్ళు. అక్కడ ఎవరుంటారో, ఏం మాట్లాడుకుంటారో ఒక్కసారీ అడగలేదు.

11 జనవరి, ఆదివారం

వెళ్ళాను. తలుపు తియ్యగానే ఎల్లాజీ, ఏటి సారూ, మా గోడ ఎవుల సరిహద్దులో ఉందో సర్వేకొచ్చినారా అన్నాడు. తర్వాత ఎందుకు వచ్చానో గుర్తొచ్చి నాలిక్కరుచుకుని కుర్చీ తుడిచాడు.

ముగ్గురున్నారు. ఎల్లాజీ. జీడిపప్పు వ్యాపారం చేసే జానకిరామ్ గారు, యాభై దాటాయి. బి.ఎస్సీ. చదువుతున్న దీప్తి, టెన్త్‌లో విజయ దగ్గర బయాలజీ చదివిన పిల్ల. నాలుగో కుర్చీ ఖాళీ. దాన్ని ఎవరూ జరపలేదు. నేనూ అందులో కూర్చోలేదు, ఎల్లాజీ తుడిచిన స్టూల్ మీద కూర్చున్నాను.

నన్ను పట్టించుకోవడం పది నిమిషాల్లో మానేశారు. స్పైనోసారస్ పెద్దదా, టైరనోసారస్ పెద్దదా. ఎల్లాజీ కంప్యూటర్ గేమ్‌లో రెండింటినీ ఒకే కంచెలో వదిలాడట, స్పైనోసారస్ గెలిచిందట. గేమ్ సాక్ష్యం చెల్లదని జానకిరామ్ గారు. నీ జీడిపప్పు డబ్బాలో లెక్కపెట్టి పోస్తావేటి బావా, తూకం వేస్తావు, అలాగే ఇదీ తూకమే అని ఎల్లాజీ. పొడవులో స్పైనోసారస్, బరువులో టైరనోసారస్ కావచ్చు, రెండు ప్రశ్నల్ని ఒకటి చెయ్యకండి అని దీప్తి.

గోడ మీద జీడిపప్పు కార్టన్ అట్టలు కుట్టి చేసిన పటం ఉంది. ప్రాణుల నల్లటి ఆకారాలు, పక్కన మీటర్లు. మూలన పోలిక కోసం ఒక మనిషి బొమ్మ, 1.8 మీ. అన్నింటికంటే కింద విజయ అక్షరాలు. మా ఊరి తిమింగలం, డిసెంబర్ 1998. తొమ్మిది బారలు, ఒక జానెడు.

దీనొక్కదానికే మీటర్లు లేవు సార్, మీరు సర్వేయర్ కదా, బార అంటే ఎంత అని జానకిరామ్ గారు అడిగారు. ఆరడుగులు అన్నాను. ఆఫీసులో ఎవరడిగినా చెప్పే మాటే.

ఆయన కాలిక్యులేటర్ నొక్కారు. పదహారున్నర మీటర్ల పైనే. నెత్తి మీద మూడు గీతలుండే బ్రైడ్స్ తిమింగలమని విజయ నోటుబుక్‌లో రాసింది. ఆ జాతి పదిహేను దాటదని ఆయన పుస్తకంలో ఉంది. పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టారు.

దీప్తి నన్ను చూసింది. నేను చెప్పకుండా ఉండాల్సిందేమో.

12 జనవరి

నోటుబుక్ తెచ్చుకున్నాను. ఇంకా తెరవలేదు.

18 జనవరి, ఆదివారం

మళ్ళీ వెళ్ళాను. ఎందుకని ఎవరూ అడగలేదు. టీ నాలుగు గ్లాసులు చెప్పారు.

ఈ రోజు ఎల్లాజీకి కష్టకాలం. అతనికి ప్రాణమైన డాక్యుమెంటరీ సీడీ ఒకటుంది. అందులో లియోప్లూరోడాన్ అనే సముద్రపు సరీసృపం, పొడవు ఇరవై అయిదు మీటర్లు అని చెప్తారు. దొరికిన ఎముకల్ని బట్టి ఏడు మీటర్ల దరిదాపుల్లోనే ఉంటుందని దీప్తి నెట్‌లో చదివి ప్రింట్ తీసుకొచ్చింది. ఎల్లాజీ ఆ కాగితం రెండుసార్లు చదివాడు. ఇరవై అయిదు మీటర్లని నమ్మి మా ఆవిడికి కూడా సెప్పినాను, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఇంటికెళ్ళాలి అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా.

పటంలో దాన్ని కొట్టేసి ఏడు వేశారు. ఆ చేత్తోనే జానకిరామ్ గారు విజయ రాసిన వరస దగ్గరికొచ్చారు. ఈ పటం ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవానికి, విజయ స్కూల్లో పెడతారట. పైన ఆమె పేరు రాస్తారట. టీచర్ పేరు కింద తప్పు అంకె ఉంటే పిల్లలు టీచర్నే తప్పంటారు, అందుకని తీసేద్దాం సార్ అన్నారు. గొంతు తగ్గించే అన్నారు. ఆయన మంచివాడే.

బార ఎవరిదో తెలియకుండా అంకె తప్పని ఎలా అంటారని దీప్తి. చేతులు చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా బార. ఆరడుగుల బార ఆరడుగుల మనిషిది. టీచర్ నా భుజం దాకా వచ్చేవారు అంది.

ఆమె బార ఎంతో మీకు తెలుసుంటుంది కదా సార్ అన్నారు జానకిరామ్ గారు.

పధ్నాలుగేళ్ళ కాపురం. తెలియదు. కనుక్కుని చెప్తానన్నాను. ఫిబ్రవరి 15 దాకా ఆగుతామన్నారు.

20 జనవరి

రావివలస దగ్గర పొలం కొలత. ఇరవై మీటర్ల గొలుసు గట్టు వెంట పరిపించాను. బ్రాకియోసారస్ ఇరవై రెండు అని పటంలో ఉంది. అంటే ఇంత గొలుసు, ఇంకో రెండు అంగలు. గట్టు మీద తల, అవతల జీడి చెట్టు కింద తోక. చూస్తూ నిలబడ్డాను. రైతు నారాయణరావు గారు, పొలం తగ్గిందా బాబూ అని కంగారు పడ్డారు.

ఇలాంటివి చెప్పడానికే విజయ ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గర మొదలుపెట్టేది. పప్పు వెయ్యి అనేవాణ్ణి.

26 జనవరి, సెలవు

నోటుబుక్ తెరిచాను. తిమింగలానికి నాలుగు పేజీలు. రంగు, నెత్తి మీద గీతలు, కన్ను ఎంత చిన్నదో, పిల్లలు దాని మీదకి ఎక్కుతుంటే ఎలా దింపించిందో. పొడవు దగ్గర ఒకే వాక్యం. టేపు దొరకలేదు, తాడుతో కొలిచాను.

దొరకలేదు అని రాసింది.

ఆ రోజు సోంపేట ఎస్టీడీ బూత్ నుంచి నా ఆఫీసుకి ఫోన్ చేసింది. పుట్టింటి ఊరి ఒడ్డుకి తిమింగలం కొట్టుకొచ్చింది, టేపు తీసుకుని వస్తారా అంది. సర్కారు టేపు చేపలకి కాదన్నాను. గదిలో ఇద్దరు ముగ్గురున్నారు, నవ్వారు. నాకు బాగుందనిపించింది.

చేప కాదండీ అని మాత్రం అంది.

1 ఫిబ్రవరి, ఆదివారం

గుంపు లేదు, జానకిరామ్ గారు బరంపురం వెళ్ళారు. ఇంటి పనులు చేశాను. పెరట్లో దండెం మార్చాను. పాత తాడు ముడులమయం, ఆరేసిన చొక్కా భుజం దగ్గర గూడు పడుతుంది. విప్పేస్తానని గతంలో అంటే విజయ వద్దనేది. కొత్త ప్లాస్టిక్ తాడు కట్టి, పాతది పనిమనిషి నాగమణికి ఇచ్చేశాను. మేకకి పనికొస్తుందంది.

3 ఫిబ్రవరి

విజయ కిడ్నీల జబ్బుకి చూపించిన విశాఖ ఆస్పత్రి ఫైలు తీశాను. బరువు, క్రియాటినిన్, బరువు, క్రియాటినిన్. మొదటి పేజీలో ఒక్కసారి ఎత్తు. 152 సెం.మీ.

సాయంత్రం నెట్ సెంటర్‌కి వెళ్ళి చెప్పాను. మనిషి ఎత్తూ బారా దాదాపు ఒకటే అని దీప్తి వెతికి చూపించింది. అలా అయితే పదమూడున్నర పైన, పదిహేను లోపు. దాదాపు అనేది కొలత కాదు, అంచనా అన్నారు జానకిరామ్ గారు. నీ గోడ మీదున్నవన్నీ అంచనాలే కదా బావా, ఒక్కటి కూడా టేపుకి నిలబడిందేటి అని ఎల్లాజీ లేచాడు. వాటికి కనీసం ఒక ఎముకుంది, దీనికీ ఒక ఎముక తెండి, నేనే పెన్నుతో రాస్తాను అన్నారాయన.

న్యాయమే.

8 ఫిబ్రవరి, ఆదివారం, మధ్యాహ్నం 2 గం.

సోంపేట బస్టాండ్‌లో రాస్తున్నాను.

పొద్దున్నే అత్తవారి ఊరు వెళ్ళాను. కర్మల తర్వాత వెళ్ళడం ఇదే. విజయ తమ్ముడు పోలారావు ఒడ్డున వల బాగు చేసుకుంటున్నాడు. ఏటి బావా, దారి తప్పినావా అన్నాడు. మళ్ళీ వల మీదకి వంగాడు. నేను వల ఒక పక్క పట్టుకున్నాను.

తిమింగలం సంగతి అడిగితే మాత్రం చేతిలో పని వదిలేశాడు. తాడు ఒక కొస దాని మూతి దగ్గర తను పట్టుకున్నాడట, రెండో కొసతో విజయ తోక దాకా నడిచిందట. అక్కడికి కోసి, ఇసకలో కూర్చుని బార బారకీ ముడి వేసిందట. నా సేతులు పెద్దవి అప్పా, నాను కొలిసేత్తానంటే ఒల్లదు బావా. నీ బారలు నాకెందుకురా, పుస్తకంలో రాసేది నాను, బారలు నావే ఉండాల అంది. ఆకరికొచ్చీసరికి సేతులు పీకేసినాయి. అయినా ఇవ్వలేదు.

ఆ తాడు ఏమైందని అడిగాను.

నా ముఖంలోకి చూశాడు. ఏటయిందేటి బావా, మీ పెరట్లోదే కదా. ఇంటికి తీసుకెల్తే నువ్వే అన్నావంట, బట్టలారేసుకోడానికి పనికొత్తాదిలే అని. అయిదేళ్ళబట్టి నీ సొక్కాలు దాని మీదే కదా ఆరతన్నాయి.

అన్నానేమో. గుర్తు లేదు. అనే ఉంటాను.

అన్నం తిని వెళ్ళమన్నాడు. బస్సుందన్నాను.

అదే రోజు, సాయంత్రం 5 గం.

నాగమణి ఇంటికి తిన్నగా వెళ్ళాను. మేక తాడుతో సహా వీధి చివర ఉంది. నేను దాని వెంట పడ్డాను. టక్ చేసుకున్న చొక్కాతో. వీధి పిల్లలు చూశారు.

పాత తాడు కోసం ఇంత పరుగేటి బాబూ, కొత్తది కొనుక్కున్నారు కదా అని నాగమణి నవ్వింది. ముడులు విప్పేద్దామని కూర్చుందట, ఒక్కటీ రాలేదట. ఎవులి సేతి ముడులో గానీ, ఇలాటివి సముద్రమోళ్ళే ఏత్తారు అంది. అమ్మగారివి అన్నాను. నవ్వు ఆపేసి తనే మేక మెడ నుంచి విప్పి ఇచ్చింది.

ముడులన్నీ ఉన్నాయి. చివరి ముడి తర్వాత కొసని మేక నమిలి పీచు చేసేసింది. జానెడు పోయింది.

కొత్త తాడు మేకకి ఇచ్చాను.

9 ఫిబ్రవరి, ఉదయం

గచ్చు మీద పరిచి, స్టీల్ టేపుతో కొలిచాను.

1.49. 1.50. 1.49. 1.48. 1.50. 1.47. 1.48. 1.45. 1.41.

మొత్తం 13.27 మీటర్లు. తడి బట్టల బరువుకి తాడు సాగి ఉంటుంది. ముడుల్లోకి కొంత పోయి ఉంటుంది. ఒకటి ఎక్కువ చూపిస్తుంది, ఒకటి తక్కువ. ముప్ఫై సెంటీమీటర్లు అటూ ఇటూ.

ఎనిమిదో బారకి అలసిపోయింది. తొమ్మిదోది ఇంకా దగ్గర. చేతులు పూర్తిగా చాచలేకపోయింది. ఒడ్డు మీద ఎండ కూడా ఉండి ఉంటుంది. టేపు తీసుకుని బస్సెక్కితే గంటన్నర దారి.

15 ఫిబ్రవరి, ఆదివారం

తాడు పట్టుకెళ్ళాను. జానకిరామ్ గారు తన టేపు తెప్పించి, నెట్ సెంటర్ నుంచి బయట వరండా దాకా పరిచి, మోకాళ్ళ మీద పాకుతూ మళ్ళీ కొలిచారు. 13.26. నాకూ ఆయనకీ సెంటీమీటరు తేడా. ఎవరితో ఎవరం వాదించలేదు.

లేచి మోకాళ్ళు దులుపుకుని, రబ్బరుతో ప్రశ్నార్థకం చెరిపారు. బార ఆరడుగులని చెప్పింది నేను, ఆ ప్రశ్నార్థకం నాదే అన్నాను. కాదు సార్, అడిగింది నేను అన్నారు.

మరి జానెడు అని అడిగారు. మేక తినేసిందని చెప్పాను. ఎల్లాజీ నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. పెద్ద పెద్ద మ్యూజియాలోళ్ళకే తోకలు దొరకవు సారూ, మనకి కనీసం ఎవులు తిన్నారో తెలుసు అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాయాలంది దీప్తి. జానకిరామ్ గారు పెన్నుతో రాశారు. 13.27 మీ. తోక చివర జానెడు లభ్యం కాలేదు.

పటం మూలనున్న మనిషి ఎవరు అని అడిగాను. ఎవరూ కాదు సార్, అన్ని పటాల్లోనూ ఉండే మగమనిషే, 1.8 అంది దీప్తి. మన దగ్గర అంత ఎత్తు ఎంతమంది ఉన్నారన్నాను. కాసేపు నా వైపు చూసి, ఆస్పత్రి ఫైల్లో ఎత్తు ఎంతని చెప్పారు సార్ అని అడిగింది. 152 అన్నాను. బార సగటు 1.47.

బయల్దేరుతుంటే, వచ్చే ఆదివారం అర్జెంటినోసారస్ సార్, ఒక్క వెన్నుపూస నుంచి ముప్ఫై అయిదు మీటర్లు ఎలా లెక్క కట్టారో మీరు చూసి చెప్పాలి అన్నారు జానకిరామ్ గారు. నాకూ అదే అనుమానంగా ఉందన్నాను.

నాలుగో కుర్చీలో కూర్చున్నానని ఇంటికొచ్చాక తెలిసింది.

28 ఫిబ్రవరి, శనివారం

స్కూల్లో పటం పెట్టారు. మూలన మగమనిషి లేడు. చీర కట్టుకున్న ఆడమనిషి నల్లటి ఆకారం, చేతులు రెండు పక్కలకీ చాచి. పక్కనే విడి అట్ట మీద అదే బొమ్మ, అసలు కొలతలో. ముఖం లేదు. దీప్తి జడ ఎడమ భుజం మీదకి వేసింది. అలాగే వేసుకునేది. ఆ సంగతి నేను చెప్పలేదు.

ఆరో తరగతి పిల్లలు వరసగా వచ్చి నిలువెత్తు బొమ్మకి వీపు ఆనించి చేతులు చాపి చూసుకున్నారు. ఒక అమ్మాయి వేళ్ళు రెండు కొసలకీ సరిగ్గా అందాయి. టీచరంత ఉన్నానని అరిచింది.

29 ఫిబ్రవరి, ఉదయం 7 గం.

పాత తాడే దండెం కట్టాను. ఇంకా బట్టలు వెయ్యలేదు. రెండో ముడికీ మూడో ముడికీ మధ్య నిలబడి చేతులు చాచాను. నావి పావు మీటరు ఎక్కువ. మోచేతులు కొంచెం వంచితే రెండు ముడులూ చేతుల్లోకి వచ్చాయి.

అలా ఎంతసేపున్నానో కొలవలేదు.