మిరప కల్లం చేతులు

మరియమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈరోజు మన కరుణ తన ఏడాదిన్నర కూతుర్నీ నన్నూ రైల్లో చీరాల తీసుకెళ్ళి సముద్రం చూపించింది. అల రాగానే పిల్ల కేరింతలు కొట్టి, ఎత్తుకోమని నా వైపు చేతులు చాచింది. నేను అలవాటుగా చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "ఆ మిరపకాయల చేతుల్తో బిడ్డని ముట్టుకోమాకయ్యా, కళ్ళు మండుతాయి!" అని కరుణ చిన్నప్పుడు నువ్వు కేకలేసేదానివిగా.

"కల్లం పని మానేశావు కదా నాన్నా, ఎత్తుకో," అంది కరుణ.

ఎత్తుకున్నాను. పిల్ల నా మీసం పట్టుకు లాగింది.

తిరుగు రైల్లో కరుణ, "నన్నొక్కసారన్నా ఇట్లా ఎత్తుకున్నావా నాన్నా?" అని అడిగింది.

మజ్జిగతో చేతులు కడుక్కొచ్చి, అది నిద్రపోయాక ఎత్తుకునేవాణ్ణి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. చూసినదానివి నువ్వొక్కదానివే. నువ్వుంటే నవ్వుతూ చెప్పేసేదానివి.