డిటర్జెంట్ చుక్క

శనివారం రాత్రి, కుప్పం

నిన్న ల్యాబ్‌లో నా మందు పనిచేసిందని ఎగిరినాను. ఈరోజు పొద్దున మా గైడ్ సర్ చెప్పినట్టు దాంట్లో ఒక చుక్క డిటర్జెంట్ వేసి మళ్లీ చూసినాను. డిటర్జెంట్‌కు గడ్డలు విడిపోయి, నిన్నటి ఫలితమంతా పోయింది. నిన్న మందు గడ్డలు కట్టి కనబడినదానికల్లా అతుక్కునిందే గానీ నిజంగా పనిచెయ్యలేదు.

సర్‌కు అదే చాలింది. "ఒక ప్రోటీన్ డీఎన్ఏ చుట్టలైన క్రోమాటిన్‌ను పట్టుకుంటుంది, ఇంకొకటి దానికి తగులుకుని క్యాన్సర్ జన్యువుల్ని నిద్రలేపుతుంది. ఆ రెండూ కలిసే చోటు చదునుగా ఉంటుందమ్మా, మందు కూర్చునేదానికి గుంత కూడా లేదు. వదిలెయ్, సులువైన ప్రాజెక్టు ఇస్తా" అన్నారు.

యాల వదలాల? ఓడిపోయింది నా మందు ఒకటే, ఆ చోటు కాదు. రెండు ప్రోటీన్లు అంత గట్టిగా పట్టుకున్నాయంటే, విడదీసే దారి కూడా యాడో ఉండాది. సోమవారం ఆయన ముందరే ఈ మాట అంటాను. అంటానా? ఫెలోషిప్పుకు ఆయన సంతకమే కావాల...

సాయంత్రం రైలు దిగి వస్తాంటే, కూరగాయల అంగడి మునెమ్మత్త నా చెయ్యి పట్టుకునింది. "క్యాన్సర్‌కు మందు కనిపెట్టినావంట కదా పాపా!" నిన్న ఆత్రంగా అమ్మకు ఫోన్ చేసిన ఫలితం. వీధంతా చాటేసింది.

"అది పనిచెయ్యలేదు మా. పోయి అందరికీ చెప్పు" అన్నాను ఇంట్లోకి రాంగానే.

చింతపండులో గింజలు తీస్తా ఉండిన అమ్మ తలెత్తనే లేదు.

"నేను పోను. చెప్పింది చెప్పేసినా. దాన్ని నిజం చేసేది నీ పని."