చిన్న ఈ, పెద్ద ఈ

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇయ్యాల మా వడ్డేపల్లి బడిల ఎనిమిదో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతుంటే నువ్వు యాదికొచ్చినవ్.

పత్తి చేన్ల కూలికి పోయిన దినాలల్ల, అన్నం తినేటప్పుడు మట్టి మీద పుల్లతోని రాసి నాకు ఇంగ్లీషు నేర్పింది నువ్వే. "సూర్యుడు ఒక్కడే గదనే, ముందుగాల 'ది' పెట్టు. మార్స్, వీనస్ అంటే పేర్లు. పేరుకు 'ది' వద్దు. ఎర్త్ అనేది గ్రహమైతే పెద్ద ఈ, గిట్ల కాళ్ల కింది మన్నయితే చిన్న ఈ" అంటుంటివి. నేను గుడ పిల్లలకు గట్లనే చెప్త.

ఇయ్యాల ఒక పిల్ల, సచ్చిపోయిన వాళ్ల అవ్వ గురించి రాసింది. అవ్వను మన్నుల పెట్టినమని రాసి, ఆ ఎర్త్‌కు పెద్ద ఈ పెట్టింది. దాన్ని కొట్టేసి చిన్నది రాయాలె. ఎర్ర పెన్ను ఆడిదాంక పోయి ఆగింది. చర్చి ఎనక నిన్ను పెట్టిననాడు నేను గుడ పిడికెడు మన్ను ఏసిన. ఆ మన్నుకు చిన్నక్షరం రాయనీకె నాకు చెయ్యాడలే.

రైటు కొట్టిన. తప్పని తెలుసు. తిట్టనీకె నువ్వు లేవు.